టర్కీ వేటకు చోక్ ట్యూబ్: ముందు షెల్, తర్వాతే ట్యూబ్

వసంతకాలపు టర్కీ కోడి వేట సీజన్ దగ్గర పడుతుంటే అమెరికాలోని వేట సామాన్ల దుకాణాల్లో చోక్ ట్యూబుల (షాట్‌గన్ బారెల్ మూతికి బిగించే చిన్న గొట్టాల) గోడ ముందు నిలబడి తికమక పడేవాళ్లు కనిపిస్తారు. ఒకదాని మీద ‘సూపర్ ఫుల్’ అని, ఇంకోదాని మీద ‘ఎక్స్‌ట్రా ఫుల్’ అని ఉంటుంది. మరోదాని మీద 0.660 అని వట్టి అంకె. చివరికి చాలామంది ఉన్నవాటిలో చిన్న అంకె చూసి, అంటే అన్నిటికంటే ఇరుకైనదాన్ని, కొనుక్కుని వెళ్లిపోతారు.

ఇరుకు పెరిగేకొద్దీ మేలు అనుకోవడం దగ్గరే లెక్క తప్పుతుంది. ట్యూబ్‌ను విడిగా చూసి మంచిదనీ చెప్పలేం, చెడ్డదనీ చెప్పలేం. మీ బారెల్ లోపలి కొలత ఎంత, మీరు పేల్చే షెల్ (షాట్‌గన్ తూటా) ఏది, మీరు కూర్చునే చోట పుంజు (మగ టర్కీ) ఎంత దూరంలో కనిపిస్తుంది, ఈ మూడూ తేలాకే ట్యూబ్ మాట. అందుకే ఈ మార్గదర్శిలో ట్యూబ్ కాస్త ఆలస్యంగా వస్తుంది.

ముందు చట్టం సంగతి

ఇదంతా అమెరికాలో ఉండి వేటాడేవాళ్ల కోసం. ఇండియాలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అడవి జంతువుల, పక్షుల వేటను నిషేధించింది. కాబట్టి అక్కడికి ఇందులో ఏదీ వర్తించదు.

అమెరికాలో ఉన్న మనవాళ్లలో చాలామందికి తెలియని విషయం ఒకటుంది. హెచ్-1బి, ఎఫ్-1 లాంటి నాన్‌ఇమిగ్రంట్ వీసాల మీద వచ్చినవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం మామూలుగా ఒప్పుకోదు. ఉన్న మినహాయింపుల్లో ఒకటి, ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్స్. తుపాకీ కొనేటప్పుడు డీలర్ నింపించే ఫారం 4473లో ఈ ప్రశ్న ఉంటుంది. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు ఈ అడ్డంకి లేదు. వీసా మీద ఉంటే మాత్రం స్నేహితుడి తుపాకీ ముట్టుకోవడానికి ముందే ఒక ఇమిగ్రేషన్ లాయర్‌ను అడగండి. చోక్ ట్యూబ్ కోసం స్టేటస్‌ను పణంగా పెట్టకూడదు.

ఆ తర్వాత రాష్ట్రం నియమాలు. టెక్సాస్‌లో 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకు హంటర్ ఎడ్యుకేషన్ తప్పనిసరి. కాలిఫోర్నియాలో 2019 జూలై 1 నుంచి ఏ వేటకైనా సీసం లేని తూటాలే వాడాలి. టర్కీకి ఏ సైజు పెల్లెట్లు (షెల్‌లోని చిన్న గుండ్లు) వాడొచ్చో కొన్ని రాష్ట్రాలు హద్దు పెడతాయి. షెల్ కొనకముందే ఆ ఏడాది నియమాల పుస్తకం చదవండి, ఎందుకంటే షెల్ మారితే ట్యూబ్ కూడా మారుతుంది.

1. చోక్ ఏం చేస్తుందో తెలుసుకోండి

షాట్‌గన్ షెల్‌లోని పెల్లెట్లు బారెల్ దాటగానే విడిపోవడం మొదలుపెడతాయి. బారెల్ మూతి దగ్గర కాస్త ఇరుకు చేస్తే అవి గుంపుగా ఉండే దూరం పెరుగుతుంది. ఆ ఇరుకును అంగుళంలో వెయ్యో వంతుల్లో కొలుస్తారు. ఒక్కో వెయ్యో వంతును ఒక పాయింట్ అంటారు.

12 గేజ్ (గేజ్ అంటే బారెల్ వెడల్పు కొలత) బారెల్ ప్రామాణిక లోపలి వ్యాసం 0.729 అంగుళాలు. ఇరుకు అసలు లేకపోతే సిలిండర్, సుమారు 10 పాయింట్లైతే ఇంప్రూవ్డ్ సిలిండర్, 20 అయితే మాడిఫైడ్, 35 దగ్గర ఫుల్. పాత లెక్క ప్రకారం 40 గజాల్లో 30 అంగుళాల వలయంలో సిలిండర్‌తో 40 శాతం పెల్లెట్లు పడితే, ఫుల్‌తో 70 శాతం పడతాయి. టర్కీ ట్యూబులు ఫుల్‌ను దాటి 60, 70, ఒక్కోసారి 80 పాయింట్ల దాకా వెళ్తాయి.

ఎగిరే బాతుకో, పావురానికో ఇంత ఇరుకు పనికిరాదు. టర్కీ సంగతి వేరు. నేల మీద నిలబడి ఉన్న పక్షి తల, మెడ మాత్రమే గురి. ఒంటి మీద దట్టమైన ఈకలు, కింద మందమైన రొమ్ము కండ ఉంటాయి. అక్కడ తగిలితే పుంజు గాయంతో పారిపోయి ఎక్కడో చచ్చిపోతుంది. మెదడుకో మెడ ఎముకకో నాలుగైదు పెల్లెట్లు తగిలితేనే అక్కడికక్కడ పడిపోతుంది. అంత సన్నటి గురికి అన్ని పెల్లెట్లు చేరాలంటే గుంపు చిక్కగా ఉండాలి.

2. మీ పుంజు ఎంత దూరంలో కనిపిస్తుంది?

మిసిసిపీ, జార్జియా అడవుల్లో ఈస్టర్న్ టర్కీ చెట్ల మధ్య నుంచి ఒక్కసారిగా 20 గజాల్లో తేలుతుంది. టెక్సాస్, ఓక్లహోమా, కాన్సస్ బయళ్లలో రియో గ్రాండే టర్కీ దూరం నుంచే కనిపిస్తుంది. కొన్నిసార్లు 45 గజాల దగ్గర ఆగిపోయి ఇక రాదు. బ్లైండ్‌లో (దాక్కునే గుడారంలో) కూర్చుని 15 గజాల్లో డెకాయ్ (బొమ్మ టర్కీ) పెట్టుకునేవాళ్లకు 60 గజాల ట్యూబ్‌తో పనేం లేదు.

లేజర్ రేంజ్‌ఫైండర్ ఒకటి కొనండి. ఖరీదైన రెండో ట్యూబ్ కంటే ఇది ఎక్కువ ఉపయోగపడుతుంది. బయట మైదానంలో కంటి అంచనా దారుణంగా తప్పుతుంది. కూర్చోగానే ఒక చెట్టు, ఒక కంచె గుంజ, ఒక రాయి కొలిచి పెట్టుకుంటే పుంజు వచ్చాక చేతులు కదపక్కర్లేదు.

3. షెల్ ఎంచుకోండి

అసలు నిర్ణయం ఇదే. టర్కీకి వాడే పెల్లెట్లు ముఖ్యంగా రెండు రకాలు: సీసం, టంగ్‌స్టన్.

సీసం సాంద్రత ఘన సెంటీమీటరుకు 11 గ్రాముల చిల్లర. సీసంలో 4, 5, 6 నంబర్లు వాడతారు. నంబర్ పెరిగేకొద్దీ పెల్లెట్ చిన్నది, ఔన్సుకు లెక్క ఎక్కువ: నంబర్ 4లో సుమారు 135, 5లో 170, 6లో 225. వించెస్టర్ లాంగ్ బియర్డ్ ఎక్స్‌ఆర్‌లో సీసపు పెల్లెట్ల మధ్య రెసిన్ పోసి గట్టిపరుస్తారు. పేలినప్పుడు ఆ రెసిన్ పొడిగా మారి పెల్లెట్లు నలగకుండా కాపాడుతుంది. డబ్బు దృష్టితో చూస్తే కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఇదే సరైన చోటు అంటాను.

టంగ్‌స్టన్‌లో టీఎస్‌ఎస్ (టంగ్‌స్టన్ సూపర్ షాట్) అనేది పైస్థాయి. సాంద్రత సుమారు 18 గ్రాములు. ఇంత బరువైన లోహం కాబట్టి నంబర్ 9 అంత చిన్న పెల్లెట్ కూడా దాదాపు నంబర్ 5 సీసంలా లోతుకు దిగుతుంది. ఔన్సుకు సుమారు 360 పెల్లెట్లు పడతాయి. దీని ఫలితం చూడండి. ఔన్సున్నర పైన పావు ఔన్సు, అంటే ఒకటీ ముప్పావు ఔన్సు నంబర్ 5 సీసం ఉన్న 12 గేజ్ షెల్‌లో 300 పెల్లెట్లు. ఔన్సులో పదహారింట పదమూడు వంతులు నంబర్ 9 టీఎస్‌ఎస్ ఉన్న చిన్న .410 (12 గేజ్ కంటే చాలా సన్నటి బారెల్ రకం) షెల్‌లో కూడా దాదాపు 294! తూటాల కంపెనీ ఫెడరల్ 2018లో హెవీవెయిట్ టీఎస్‌ఎస్ తెచ్చాక .410 తుపాకీ, పిల్లల ఆటవస్తువు అనిపించుకున్నది కాస్తా, నిజమైన టర్కీ తుపాకీ అయింది. భుజానికి దెబ్బ తక్కువ కాబట్టి చిన్న ఒళ్లు ఉన్నవాళ్లకు, మొదటిసారి పేల్చేవాళ్లకు ఇది వరమే. ధర మాత్రం వరం కాదు, ఒక్కో షెల్ బాగా ఖరీదు.

స్టీల్ సంగతి జాగ్రత్త. అది సీసంలా నలగదు. చాలా టర్కీ ట్యూబులు స్టీల్ కోసం చేసినవి కావు, పేలిస్తే ట్యూబ్ ఉబ్బొచ్చు, బారెల్ పాడవొచ్చు. ట్యూబ్ మీద, దాని ప్యాకెట్ మీద ఏం రాశారో చదవండి. కాలిఫోర్నియాలో సీసం వద్దన్నారు కదా అని చేతికందిన స్టీల్ బాతు షెల్ తీసుకుని ఇరుకు ట్యూబ్‌లో పేల్చడం మాత్రం వద్దు.

షెల్‌లో పెల్లెట్లను పట్టుకుని ఉండే ప్లాస్టిక్ కప్పు, అంటే వాడ్, కూడా చూడాలి. ఫెడరల్ తొలి ఫ్లైట్‌కంట్రోల్ వాడ్ బారెల్ దాటాక కూడా కొంతదూరం పెల్లెట్లను పట్టుకుని వెళ్తుంది. పక్కన రంధ్రాలున్న పోర్టెడ్ ట్యూబులు, వాడ్‌ను లోపలే ఆపే పళ్లున్న ట్యూబులు దానికి పడవు. తర్వాత వచ్చిన ఫ్లైట్‌కంట్రోల్ ఫ్లెక్స్ రెండు రకాల ట్యూబులకూ సరిపోతుంది.

4. బోర్, థ్రెడ్

ట్యూబ్ మీద ఉన్న 0.660 లాంటి అంకె బయటికి వెళ్లే మూతి వ్యాసం. అది ఇరుకు కాదు. ఇరుకు కావాలంటే మీ బోర్ (బారెల్ లోపలి వ్యాసం) లోంచి ఆ అంకె తీసేయాలి. 12 గేజ్ అని రాసి ఉన్న బారెళ్లన్నీ 0.729 కావు. మోస్‌బర్గ్ 835 బోర్ 10 గేజ్ అంత, 0.775. అందులో 0.695 ట్యూబ్ పెడితే ఇరుకు 80 పాయింట్లు, అసలైన టర్కీ చోక్. అదే 0.695 వ్యాసం 0.729 బోర్‌లో 34 పాయింట్లు మాత్రమే, మామూలు ఫుల్. బ్రౌనింగ్ బ్యాక్‌బోర్డ్ (లోపల ఇంకాస్త తొలిచిన) బారెళ్లు కూడా ప్రామాణికం కంటే వెడల్పు. ‘నాకు 0.665 అదిరింది’ అని ఎవరైనా చెబితే, ఏ తుపాకీలో అని వెంటనే అడగండి.

థ్రెడ్ (ట్యూబ్‌ను బారెల్‌కు బిగించే మరచుట్లు) విషయంలో ఊహలు పనికిరావు. రెమింగ్టన్ 870కి రెమ్ చోక్. వించెస్టర్ విన్‌చోక్, బ్రౌనింగ్ పాత ఇన్వెక్టర్, మోస్‌బర్గ్ 500 ఒకే థ్రెడ్ పంచుకుంటాయి. ఇన్వెక్టర్ ప్లస్ వేరు, ఇన్వెక్టర్ డీఎస్ వేరు. బెరెట్టాలో మొబిల్‌చోక్, ఆప్టిమా చోక్, ఆప్టిమా హెచ్‌పీ మూడూ వేర్వేరు. బెనెల్లీకి క్రియో. బారెల్ మీద ఏం చెక్కారో చూసి, మోడల్ పేరుతో కలిపి కొనండి.

థ్రెడ్ ఎక్కినంత మాత్రాన సరిపోయినట్టు కాదు. తుపాకీ పూర్తిగా ఖాళీ చేసి, బారెల్ విప్పి, ట్యూబ్ బిగించి, చాంబర్ (షెల్ పెట్టే చోటు) వైపు నుంచి లైటు వేసి చూడండి. ట్యూబ్ వెనక అంచు బారెల్ గోడ కంటే లోపలికి పొడుచుకుని కనిపిస్తే ఆ ట్యూబ్ వెనక్కి ఇచ్చేయండి. పెల్లెట్ల గుంపు ఆ అంచుకు కొట్టుకుంటుంది.

5. ఇప్పుడు అంకె

ముందు మీ తుపాకీతో వచ్చిన ఫుల్ ట్యూబ్‌ను పరీక్షించండి. టీఎస్‌ఎస్ షెల్ అయితే ఆ ఫ్యాక్టరీ ఫుల్‌తోనే 40 గజాల దాకా పని జరిగిపోవడం మామూలే. చాలకపోతేనే కొత్తది. బెనెల్లీ, బెరెట్టా ట్యూబుల అంచు మీద గాట్లు ఉంటాయి: ఒక గాటు ఫుల్, మూడు గాట్లు మాడిఫైడ్, ఐదు సిలిండర్.

కొత్తది కొనాల్సి వస్తే, ప్రామాణిక బోర్ ఉన్న 12 గేజ్‌కు నా తొలి అంచనాలు ఇవి. నంబర్ 4, 5 సీసానికి 0.665 నుంచి 0.670. నంబర్ 6 సీసానికి 0.660 దగ్గర. టీఎస్‌ఎస్‌కు 0.650 నుంచి 0.660. 20 గేజ్‌లో సీసానికి 0.570 చుట్టూ, టీఎస్‌ఎస్‌కు 0.555 చుట్టూ. ఇవి మొదలుపెట్టే చోట్లు మాత్రమే, కింద చెప్పే కాగితం పరీక్ష ఒప్పుకోకపోతే మార్చాల్సిందే.

పెద్ద పెల్లెట్లకు ఎక్కువ వెడల్పు ఎందుకు? మెత్తటి సీసం మరీ ఇరుకు దారిలో ఒకదానికొకటి ఒత్తుకుని నలుగుతుంది. నలిగిన పెల్లెట్ గాలిలో పక్కకు కొట్టుకుపోతుంది. 0.670తో చక్కగా ఉన్న ప్యాటర్న్ (కాగితం మీద పెల్లెట్లు పడిన తీరు) 0.640తో మధ్యలో బొక్క పడినట్టు చెదిరిపోవడానికి కారణం ఇదే. టంగ్‌స్టన్ నలగదు, పైగా పెల్లెట్లు చిన్నవి కాబట్టి కాస్త ఎక్కువ ఇరుకును తట్టుకుంటుంది.

పోర్టెడా, మామూలుదా అన్నది పెద్ద తేడా కాదు. రంధ్రాల వల్ల దెబ్బ కొంచెం తగ్గొచ్చు, చప్పుడు పెరుగుతుంది, లోపల మసి ఎక్కువ చేరుతుంది. నేను మామూలుదాన్నే ఎంచుకుంటాను. బారెల్ బయటికి పొడుచుకుని ఉండే ఎక్స్‌టెండెడ్ రకం చేత్తో విప్పుకోవచ్చు కాబట్టి మంచిదే. మెరిసే రంగు మాత్రం వద్దు, టర్కీ కళ్లకు అది చాలు.

6. కాగితం మీద పరీక్ష

ఇక్కడ సమయం పెట్టండి. మిగతావన్నీ అంచనాలు, ఇది సాక్ష్యం.

మూడడుగుల చదరం కాగితాలు, మధ్యలో మూడంగుళాల నల్ల చుక్క. చెవులకు, కళ్లకు రక్షణ. ఇసుక సంచుల మీద లేదా గన్ రెస్ట్ మీద తుపాకీ. నిలబడి పేలిస్తే మీ చెయ్యి వణుకును చోక్ మీద వేసినట్టవుతుంది. ముందు 20 గజాల్లో చవక టార్గెట్ షెల్ ఒకటి పేల్చి, గుంపు చుక్క దగ్గర పడుతోందా చూసుకోండి. తర్వాత సీజన్‌లో వాడబోయే షెల్‌తో 40 గజాలకు వెళ్లండి. ఒక్కో ట్యూబ్, షెల్ జోడీకి కనీసం మూడు కాగితాలు. ఒక్క కాగితం చూసి నిర్ణయం తీసుకోవద్దు, షాట్‌కు షాట్‌కు తేడా ఉంటుంది. ప్రతి కాగితం మీద ట్యూబ్, షెల్, దూరం రాసుకోండి. ఇంటికొచ్చాక ఏది ఏదో గుర్తుండదు.

ఇప్పుడు 10 అంగుళాల వలయం గీయాలి. ఒకటి కాదు, రెండు గీయండి. మొదటిది పెల్లెట్లు చిక్కగా ఉన్న చోట. అది ట్యూబ్ ఎంత బాగా పని చేసిందో చెబుతుంది. రెండోది మీరు గురిపెట్టిన నల్ల చుక్క చుట్టూ. అది పుంజుకు ఏం తగిలేదో చెబుతుంది. 40 గజాల్లో 10 అంగుళాల వలయంలో 100 పెల్లెట్లు అన్నది వేటగాళ్లు చాలాకాలంగా పెట్టుకున్న కొలత. మొదటి వలయంలో 140 ఉండి, రెండో దాంట్లో 60 ఉంటే మీ ట్యూబ్‌కు ఏ జబ్బూ లేదు, గురి తప్పుతోంది. ఈ తేడా తెలియక మంచి ట్యూబ్‌ను పారేసి ఇంకోటి కొనేవాళ్లు తక్కువేం కాదు.

ఇరుకు ట్యూబులు గుంపును గురి నుంచి కొన్ని అంగుళాలు పక్కకు జరపడం మామూలే. వెడల్పు ప్యాటర్న్ ఈ తప్పును కప్పేస్తుంది, చిక్కటి ప్యాటర్న్ బయటపెడుతుంది. అందుకే టర్కీ తుపాకీకి బారెల్ చివర గురి చూసే వట్టి పూస సరిపోదు. సర్దుకోగల సైట్లు గానీ చిన్న రెడ్ డాట్ (ఎర్ర చుక్కతో గురి చూపే సైట్) గానీ పెట్టించండి. మూడు కాగితాల గుంపుల మధ్యస్థానం చూసి సర్దండి, ఒక్కదాన్ని చూసి కాదు.

లెక్కతో పాటు ఖాళీలు కూడా చూడండి. అట్టముక్క మీద టర్కీ తల, మెడ ఆకారం కత్తిరించి వలయంలో అక్కడక్కడ పెట్టి చూడండి. ఎక్కడ పెట్టినా నాలుగైదు చిల్లులు దొరకాలి. 130 పెల్లెట్లు పడినా ఒక పక్కన తల పట్టేంత ఖాళీ ఉంటే, సమంగా పరుచుకున్న 105 దానికంటే మేలు.

ఫలితం బాగోలేదా? సీసం వాడుతుంటే ముందు షెల్ మార్చండి. ఒక డబ్బా ఇంకో ట్యూబ్ కంటే చవక. నంబర్ 5 పడకపోతే 6, ఆ కంపెనీది పడకపోతే ఇంకోటి. అప్పటికీ కుదరకపోతే ఐదు పాయింట్లు వెడల్పైన ట్యూబ్ ప్రయత్నించండి. చాలామంది ఇరుకు వైపే వెళ్తారు, వెడల్పు వైపు కూడా ఒకసారి చూడాలి.

40 గజాల్లో కొలత దాటితే 45, 50 కూడా పరీక్షించుకోవచ్చు. ఎక్కడ 100 కంటే తగ్గిందో అదే మీ హద్దు. ‘టీఎస్‌ఎస్ కదా, 70 కొట్టేయొచ్చు’ అనే మాటల్ని నేను పట్టించుకోను. అంత దూరంలో పక్షి ఒక్క అడుగు వేసినా లెక్క మారిపోతుంది.

7. 15 గజాల్లో కూడా పేల్చి చూడండి

దాదాపు ఎవరూ చేయని పరీక్ష ఇది. చేయకపోతే సీజన్‌లో పుంజు తప్పించుకుని మరీ నేర్పుతుంది. 40 గజాల్లో అద్భుతంగా ఉన్న ట్యూబ్ 10, 15 గజాల్లో బత్తాయి పండంత గుంపు వేస్తుంది. తల ఊపుతూ నడిచే టర్కీ మీద అది రైఫిల్‌తో కొట్టినంత కష్టం. గుండె దడదడలాడుతుంటే మరీ కష్టం. 15 గజాల కాగితం చూసి ఇది నా వల్ల కాదనిపిస్తే, దట్టమైన అడవిలో వేటకు ఫుల్ ట్యూబే పెట్టుకోండి, 50 గజాల ఆశ వదిలేయండి. లేదా డెకాయ్‌ను కాస్త దూరం, 25 గజాల దగ్గర పెట్టండి.

పుంజు పురి విప్పి ఉన్నప్పుడు మెడ ముడుచుకుని ఉంటుంది, అప్పుడు పేల్చవద్దు. అది తల పైకెత్తేదాకా ఆగి, ఈకలు ఆగిపోయి వట్టి చర్మం మొదలయ్యే చోట గురిపెట్టండి. గుంపులో సగం తలకు, సగం మెడకు అందుతుంది. దాని వెనక ఇంకో పక్షి ఉందేమో చూడటం మరవద్దు. చిక్కటి ప్యాటర్న్ రెండింటినీ పడేస్తుంది, మీ దగ్గర ఒక్క ట్యాగే (ఒక పక్షికి అనుమతి) ఉండొచ్చు.

8. బిగించడం, శుభ్రం

చోక్ ముట్టుకునే ముందు యాక్షన్ (షెల్ ఎక్కించే యంత్రభాగం) తెరిచి, షెల్స్ అన్నీ తీసేసి, చాంబర్‌ను వేలితో తడిమి చూడండి. థ్రెడ్లు తుడిచి, చోక్ గ్రీజు పలచగా రాసి, చేత్తో చివరిదాకా తిప్పి, ఆపైన రెంచ్‌తో కొద్దిగా బిగిస్తే చాలు. పేలుస్తున్న కొద్దీ ట్యూబ్ వదులవుతుంది. కాగితం పరీక్షలో కొన్ని షాట్లకోసారి, వేట రోజుల్లో ప్రతి ఉదయం బయల్దేరే ముందు, తుపాకీ ఖాళీ చేసి చూసుకోండి. వదులు ట్యూబ్‌తో గానీ, ట్యూబ్ అసలు లేకుండా వట్టి థ్రెడ్ల మీద గానీ పేలిస్తే బారెల్ చెడుతుంది. లోపల ప్లాస్టిక్ అంటుకుపోతే ప్యాటర్న్ నెమ్మదిగా మారుతుంది, కాబట్టి సాల్వెంట్, బ్రష్ దగ్గర పెట్టుకోండి.

సీజన్ ముగిసిన రోజే టర్కీ ట్యూబ్ విప్పేసి మాడిఫైడ్ పెట్టేయండి. శరదృతువులో అదే తుపాకీతో స్టీల్ షెల్సో, జింక వేటకు స్లగ్గులో (ఒంటి గుండు షెల్స్) పేల్చేటప్పుడు మూతి దగ్గర 70 పాయింట్ల ఇరుకు ఉందన్న సంగతి ఎవరికీ గుర్తుండదు.